మిగిలిన ఊలుతో చిన్న చిన్నవి అల్లడం పొదుపా, దండగా?

ఊలుబుట్ట, నల్లకుంట
మా అబ్బాయికి, తర్వాత మనవళ్లకు స్వెట్టర్లు అల్లగా మిగిలిన ఊలు ఒక సంచి నిండా ఉంది. ఏ ఉండా పూర్తిగా లేదు. పారేయడానికి చేతులు రావడం లేదు. పసిపిల్లల టోపీలు, చేతి తొడుగులు, మసిగుడ్డలు, ఫోను సంచులు అల్లుదామని ఉంది. మా చెల్లెలు ఇదంతా దండగ అంటోంది. మీరేమంటారు?

రెండుసూదులు
దండగ అనేవారి మాట వినకండి. ముందు ప్రతి ఉండనూ వంటింటి తూకం మీద పెట్టి, బరువు చీటీ మీద రాసి గుచ్చండి. నాలుగు ప్లై, అంటే నాలుగు పోగులు పేనిన ఊలు 25 గ్రాములుంటే పసిబిడ్డ టోపీ వచ్చేస్తుంది. తక్కువైతే రంగులు మార్చి చారలు వేయండి. ఒక వరుసకు దాని వెడల్పుకు మూడింతలకు పైగా దారం పడుతుంది. కాబట్టి నాలుగింతలు మిగలగానే ఆ రంగు ఆపేయండి. సన్నటి పోగులు రెండు కలిపి అల్లితే 10వ నంబరు సూది పనికిరాదు, 8వ నంబరు తీసుకోండి. మన దుకాణాల లెక్కలో నంబరు తగ్గేకొద్దీ సూది లావు. మసిగుడ్డలైతే ఏ ఇంట్లోనైనా పనికొస్తాయి.

తార్నాక మాస్టారు
అక్రిలిక్ ఊలుతో, అంటే ప్లాస్టిక్ లాంటి కృత్రిమ దారంతో మసిగుడ్డ అల్లకండి. బాగా కాలిన గిన్నె తగిలితే కరిగి చేతికి అంటుకుంటుంది. సంచిలోది ఏ రకమో తెలియకపోతే చిన్న పోగు తెంపి, పట్టకారుతో పట్టుకుని వెలిగించి చూడండి. వెంట్రుక కాలిన వాసన వచ్చి, వేళ్ల మధ్య బూడిదగా నలిగితే గొర్రె ఊలు. గట్టి పూసలా మిగిలితే అక్రిలిక్. కాగితం కాలిన వాసన వస్తే నూలు. మసిగుడ్డకు నూలే వాడాలి.

రెండుసూదులు
మా ఇంట్లో ఉన్నవన్నీ అక్రిలిక్‌వే. రెండు పొరలు వేసి అల్లుతాను. ఇంతవరకూ ఏమీ కాలేదు.

తార్నాక మాస్టారు
పొరలు పెంచినంత మాత్రాన కరిగే గుణం పోదు.

మెహదీపట్నం వాసి
అసలు హైదరాబాదులో ఊలు టోపీలు ఎవరికి కావాలి?

రెండుసూదులు
డిసెంబరు, జనవరి రాత్రుల్లో 15 డిగ్రీలకు పడుతుంది, శివార్లలో ఇంకా తగ్గుతుంది. చలికాలం వస్తే కోఠీలో టిబెటన్లు స్వెట్టర్లు పరిచి అమ్మేది ఎవరికోసం?

విశ్రాంత నర్సు, సికింద్రాబాద్
మసిగుడ్డ సంగతి కాసేపు పక్కన పెట్టండి. మనవళ్లకు అల్లడం అయిపోయింది కదా, ఈ పసిపిల్లల టోపీలు ఎవరికి? ఆసుపత్రికి ఇస్తారు. నేను నవజాత శిశువుల వార్డులో పనిచేసి వచ్చినదాన్ని. రెండున్నర కిలోల లోపు పుట్టిన బిడ్డకు టోపీ తప్పనిసరి. ఒంటితో పోలిస్తే తల పెద్దది, వేడి అక్కడి నుంచి ఎక్కువగా పోతుంది. బిడ్డను తల్లి గుండెలకు ఆనించి పడుకోబెట్టే కంగారూ సంరక్షణలో కూడా తలకు టోపీ ఉంచుతాం.

కానీ మాకు సంచులతో వచ్చినవి ఎలా ఉండేవో వినండి. ఒక చార గుచ్చుకునే గొర్రె ఊలు, పక్క చార అక్రిలిక్. వేడినీళ్లలో ఉతికితే ఊలు చార ముడుచుకుపోయి టోపీ వంకర తిరిగేది. రంగు మారిన ప్రతిచోటా లోపల ఒక దారపు కొస. చేతి తొడుగులో వదులు పోగు వేలికి బిగుసుకుంటే ఆ వేలికి రక్తం ఆగిపోతుంది. బిడ్డ ఏడుస్తుంది తప్ప ఎందుకో చెప్పలేదు కదా. ఒక్కొక్కటీ తిరగేసి చూసే పని రాత్రి డ్యూటీలో ఉన్న మా మీద పడేది.

రెండుసూదులు
కొసలు లోపలికి దాచి కుట్టడం నాకు రాదనుకుంటున్నారా? ఒకసారి టోపీలు ఒక ఆసుపత్రికి తీసుకెళ్తే గేటు దగ్గరే వద్దమ్మా అన్నారు. సంచి తెరిచి కూడా చూడలేదు. మీలాంటివారు ఇలా చెప్పబట్టే మా పని చూడకుండానే తిప్పి పంపుతున్నారు.

మెహదీపట్నం వాసి
ఇవ్వడమెందుకు, అమ్ముకోండి. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

తార్నాక మాస్టారు
అది కొక్కెం సూదితో, నూలు దారంతో అల్లే క్రోషియా. ఇక్కడ మాట్లాడుతున్నది రెండు సూదుల ఊలు అల్లిక. రెండూ ఒకటి కాదు.

విశ్రాంత నర్సు, సికింద్రాబాద్
రెండుసూదులు గారూ, సూటిగా అడుగుతున్నాను. సొంత మనవడికైతే ఇలా మిగిలిన ముక్కలు కలిపి అల్లుతారా? దుకాణంలో ఉండను బుగ్గకు ఆనించి, మెత్తగా ఉందో లేదో చూసి కొంటారు. పేదింటి బిడ్డ అనగానే మనవాళ్లకు సంచి అడుగున ఉన్నదే గుర్తొస్తుంది. నా కోపం అల్లిక మీద కాదు, దీని మీద.

రెండుసూదులు
కొత్త ఉండ కొనమని తేలిగ్గా రాశారు. మా ఇంట్లో ఊలుకు డబ్బు అడిగితే ఎందుకు, ఎవరికి అని వంద ప్రశ్నలు. ఆడపడుచులు, తోటికోడళ్లు స్వెట్టరు అల్లిపెట్టమని ఊలు తెచ్చి ఇస్తారు. నెలల తరబడి అల్లి ఇస్తాను. ఒక్కరూ మజూరీ ఇవ్వలేదు. మిగిలిన ఊలు మాత్రం ఉంచుకో అంటారు. ఎవరి అనుమతీ లేకుండా నేను ఇంకొకరికి ఇవ్వగలిగినది అదొక్కటే. దాన్ని సంచి అడుగున ఉన్నది అనకండి.

ఊలుబుట్ట, నల్లకుంట
అయ్యో, నా ప్రశ్న ఇంత దూరం వస్తుందనుకోలేదు.

విశ్రాంత నర్సు, సికింద్రాబాద్
మీ పరిస్థితి నాకు తెలియదు. ఇవ్వాలనే మీ మనసును తప్పుపట్టను. కానీ వేలికి చుట్టుకునే దారానికి ఇచ్చినవారి కష్టం తెలియదు. మెత్తటి ఊలు, ఒకే రకం, ఒక టోపీకి సరిపడా ఉంటే అల్లండి. చేతి తొడుగులు వద్దు. వెళ్లే ముందు వార్డు సిస్టరుకు ఫోను చేసి ఏ కొలత కావాలో కనుక్కోండి. ఇంకొక మాట, మజూరీ అడగండి. దారానికి ఇంత, అల్లినందుకు ఇంత అని చీటీ రాసి స్వెట్టరుతో పాటు చేతిలో పెట్టండి.

రెండుసూదులు
మా ఆడపడుచుకు చీటీ రాసి ఇవ్వడం మీరనుకున్నంత సులువు కాదు. ఫోను మాట బాగుంది, చేస్తాను. గేటు సంగతిలో మాత్రం నా మాట మారదు. కొసలు ఉన్నాయో లేవో తెలియాలంటే ముందు సంచి తెరవాలి కదా.