అన్నం అందరికీ, సభలోకి కొందరికే: వడలూరు పద్ధతి కరుణేనా?

సందేహి:
తమిళనాడులోని కడలూరు జిల్లా వడలూరులో రామలింగ వళ్లలార్ అనే సాధువు 1867లో ధర్మశాల పెట్టారు. కులమతాలు అడగకుండా, ఆకలితో వచ్చినవారికి అన్నం పెట్టడమే దాని పని. ఆయన వెలిగించిన పొయ్యి ఇప్పటికీ ఆరలేదంటారు. అక్కడే 1872లో, దేవుణ్ణి జ్యోతి రూపంలో కొలిచే సత్యజ్ఞాన సభ మొదలైంది. దాని ద్వారం దగ్గర మాత్రం జీవహింస, మాంసాహారం విడిచినవారే లోపలికి రావాలని రాసి ఉంటుంది. అన్నం దగ్గర లేని తేడా జ్యోతి దగ్గర ఎందుకు? నాకు మింగుడుపడడం లేదు.

వేపచెట్టు:
జీవకారుణ్యమే దారి అని చెప్పిన మనిషి మాంసం విషయంలో చూసీచూడనట్టు ఊరుకుంటే ఆ మాటకు విలువేముంది? పుట్టుకను బట్టి ఆపడం వేరు, అలవాటును బట్టి ఆపడం వేరు. 1936లో ఆలయ ప్రవేశ ప్రకటన వచ్చేదాకా తిరువాన్కూరు గుళ్ళ బయట నిలబడ్డవారు ఏం మానుకుంటే లోపలికి రానిచ్చేవారు? వడలూరులో మాంసం మానితే చాలు, ఎవరైనా వెళ్ళవచ్చు.

నెల్లూరివాడు:
వినడానికి బాగుంది. అద్దె ఇంటికి వెళ్ళినప్పుడు "మీరు నీచు తింటారా?" అని అడిగేవారు నిజంగా తెలుసుకోవాలనుకునేది ఏమిటో మనందరికీ తెలుసు. తిండి పేరుతో పెట్టిన గీత మన దగ్గర ఎప్పుడూ తిండి దగ్గరే ఆగలేదు. మా ఊళ్ళో బారాషహీద్ దర్గా రొట్టెల పండుగ చూడండి. స్వర్ణాల చెరువులో దిగి, కోరిక తీరినవారు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవారు పుచ్చుకుంటారు. ఇచ్చే చెయ్యి ఏ మతానిదో, ఏం తిని వచ్చిందో ఎవరికీ పట్టదు.

గట్టుమీద:
అన్నం పెట్టడం నా దృష్టిలో కరుణలో సులువైన భాగం. మన సత్రాలు తరాల తరబడి పెట్టాయి, పంక్తిభేదం పాటిస్తూనే పెట్టాయి. పెట్టినవాడికి పుణ్యం వచ్చింది, తిన్నవాడు ఉన్న చోటే ఉండిపోయాడు. సిక్కుల మూడో గురువు అమర్‌దాస్ ఈ చిక్కును బాగా పట్టుకున్నారు. తనను కలవాలంటే ముందు అందరితోపాటు నేల మీద కూర్చుని తినాలన్నారు. అక్బరు కూడా అలాగే కూర్చున్నాడని సిక్కులు చెప్పుకుంటారు. లంగరులో, అంటే గురుద్వారాలో అందరికీ ఉచితంగా పెట్టే భోజనంలో, వండేది శాకాహారమే. అందువల్ల ఎవరూ లేచిపోనక్కర్లేదు. షరతు వంటకే గాని తినేవారికి లేదు.

వళ్లలార్‌ను సత్రాలతో కలిపేయడం అన్యాయమే, కులాన్ని ఆయన అంత గట్టిగా కాదన్నారు. అయినా మాంసం తినేవారిని బయటివారిగా లెక్కగట్టి, వారికి ఆకలి మాత్రం తీర్చమన్నారు. అక్కడే నా పేచీ. సాంగత్యం ఇవ్వకపోతే వారు మారేది ఎవరిని చూసి?

వేపచెట్టు:
ధర్మశాలలో పెట్టేవారిని చూసి. అయినా గురుద్వారాలోకి మాత్రం తల కప్పుకోకుండా వెళ్ళగలరా? పొగాకు పట్టుకుని వెళ్ళగలరా? ఏ నియమమూ లేకపోతే అది బస్టాండు అవుతుంది.

గట్టుమీద:
తలగుడ్డ లేకపోతే ద్వారం దగ్గర వాళ్ళే ఇస్తారు. పొగాకు బయట వదిలేయవచ్చు. నిన్న తిన్న భోజనాన్ని చెప్పులతోపాటు విప్పి పెట్టలేం కదా!

నెల్లూరివాడు:
ఇంతకీ మేక సంగతి ఎవరూ ఎత్తలేదు. వేపచెట్టు గారి వాదనలో బలమంతా అక్కడే ఉంది. మనుషులందరినీ కలుపుకోవాలంటే మేకను మరిచిపోవాలి, మేకను తలుచుకుంటే కొందరు మనుషులు బయట నిలబడాలి. వళ్లలార్ మేక పక్షాన నిలిచారు. నేనైతే నిలవను, కానీ అది కరుణ కాదనలేను.

సందేహి:
నేను ఇదంతా ఊరికే అడగలేదు. తైపూసానికి మా నాన్నగారితో వెళ్తున్నాను. ఏడు తెరలు తొలగించి జ్యోతిని చూపే రోజు అది. ఆయన చేపలు మానరు, అబద్ధమూ ఆడరు. మైదానంలో నిలబడి చూస్తానంటున్నారు. ఆయన్ను అక్కడ వదిలి నేను లోపలికి వెళ్ళడం నావల్ల కాదు.

వేపచెట్టు:
అయితే మీరూ మైదానంలోనే నిలబడండి. మీ నాన్నగారికి ఆ నియమం మీద మీకంటే ఎక్కువ గౌరవం ఉన్నట్టుంది.