డాలస్ హోలోకాస్ట్ మ్యూజియానికి పదేళ్ల పాపను తీసుకెళ్లొచ్చా?

డాలస్ డౌన్‌టౌన్‌లో వెస్ట్ ఎండ్ దగ్గరున్న హోలోకాస్ట్ అండ్ హ్యూమన్ రైట్స్ మ్యూజియం చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అండీ? 2019లో కొత్త బిల్డింగ్‌లోకి మారింది కదా, అదే.

ఇండియా నుంచి మా నాన్నగారు వచ్చారు. రిటైర్డ్ సోషల్ మాస్టారు, ఏళ్ల తరబడి హిట్లర్ పాఠం చెప్పిన మనిషి. ఆయనకి తప్పకుండా చూపించాలి. టెన్షనల్లా మా పాప గురించే. తాతయ్యతో తనూ వస్తానని ఒకటే గొడవ. హోలోకాస్ట్ అంటే హిట్లర్ నాజీలు 60 లక్షల మంది యూదుల్ని చంపడమని దానికి తెలుసు, కానీ పుస్తకంలో అంకె చదవడం వేరు, శవాల ఫొటోలు ఎదురుగా చూడడం వేరు. నాజీల కాలం నాటి గూడ్స్ రైలు పెట్టె కూడా అక్కడుందట. మరీ భయపెట్టే గదులుంటే పక్కనుంచి దాటించేయొచ్చా? రువాండా, కంబోడియా మారణకాండల భాగం ఎలా ఉంటుంది? పిల్లలకు ముందే ఏం చెప్పి తీసుకెళ్లారు?

ఇంకోటి. ప్రాణాలతో బయటపడినవాళ్లను మనం ప్రశ్న అడిగితే, ముందే రికార్డు చేసిన వాళ్ల జవాబు తెర మీద వస్తుందంటున్నారు. నాన్నగారికి అన్నిటికంటే నచ్చేది అదే అనుకుంటున్నా. మన యాసలో అడిగితే ఆ సిస్టమ్‌కి అర్థమవుతుందా? ఆయనకి అమెరికన్ ఇంగ్లిష్ చదివితే అర్థమవుతుంది, వింటే కష్టం. వీడియోలకు సబ్‌టైటిల్స్ ఉంటాయా? మోకాళ్ల నొప్పులు కూడా. మధ్యమధ్యలో కూర్చోడానికి బెంచీలున్నాయో లేదో చెప్పండి.