బ్యాక్‌లాష్‌ను "ఆట" అనొచ్చా?

అనంతపురంలో మాది చిన్న మెషిన్ షాపు, సీఎన్‌సీ మిల్లింగ్ పని, అంటే కంప్యూటర్ నడిపే మెషిన్ మీద లోహాన్ని చెక్కడం. కొత్తగా చేరిన పిల్లలకు తెలుగులో నాలుగు మాటలు రాసిద్దామని కూర్చుంటే బ్యాక్‌లాష్ దగ్గర ఆగిపోయాను. ఒకచోట "వెనుదెబ్బ" అని చూశాను, నాకు నచ్చలేదు. ఇక్కడ దెబ్బేమీ లేదు. స్క్రూకూ నట్టుకూ మధ్య సందు ఉంటే, దిక్కు మార్చినప్పుడు స్క్రూ కాస్త ఉత్తగా తిరుగుతుంది, కోసే బిట్టును పట్టుకునే హెడ్డు కదలదు. మా షాపులో "నట్టు ఆడతాంది" అంటారు. మరి "ఆట" అని రాయొచ్చా?

— రాయొచ్చన్నా. మాది కడప పక్క పల్లె. గొడ్డలి కామ ఆడతాంది, బండి చక్రం ఇరుసు మీద ఆడతాంది అనే మాటలు వింటూ పెరిగినోళ్లం. "వదులు" అంటే చాలదు. చొక్కా కూడా వదులుగా ఉంటుంది, దానివల్ల పని చెడదు కదా.

— భలే చెప్పావు తమ్ముడూ. ఆ తేడా నాకు మెషిన్ మీదే తెలిసింది. జెడ్ యాక్సిస్‌లో, అంటే పైకీ కిందికీ కదిలే దిక్కులో, హెడ్డు బరువు ఎప్పుడూ కిందికే లాగుతుంది కాబట్టి నట్టు మరచుట్లకు ఒక పక్కే ఆనుకొని ఉంటుంది. సందు ఉన్నా, కదలికను కొలిచే డయల్ గేజ్‌లో పడదు. మోటరుకు భారం తగ్గుతుందని మేము గ్యాస్ స్ప్రింగులు పెట్టాం, హెడ్డు బరువుకు సరిసమానంగా. అదే తప్పయింది. హెడ్డు ఎటూ ఆనకుండా తేలింది. 0.10 మి.మీ. దించి, మళ్లీ 0.10 ఎత్తమంటే డయల్ ముల్లు 0.06 మాత్రమే లేచి ఆగింది, మిగతా 0.04 ఆటలోనే పోయింది. డ్రిల్లు రంధ్రం అవతలికి తేలేటప్పుడు హెడ్డు గబుక్కున జారి బిట్టు విరిగింది కూడా.

విప్పి చూస్తే స్క్రూ పైన బేరింగు లాక్‌నట్టు వదులైంది. చూడు, వదులైంది లాక్‌నట్టు, ఆట కనబడింది హెడ్డులో. రెండు మాటలూ కావాల్సిందే.

అది బిగించాక, స్ప్రింగు బలం హెడ్డు బరువు కంటే ఎక్కువ ఉండేట్టు మార్చాం. డ్రిల్లు తోపుడు కూడా పైకే కదా, ఇప్పుడు హెడ్డు ఎప్పుడూ పైకే ఆనుకొని ఉంటుంది. దీన్ని నేను "ఆనిక" అంటున్నా. ప్రీలోడ్‌కు, అంటే ఆట లేకుండా ముందే ఒక పక్కకు నొక్కి ఉంచడానికి, ఇంతకంటే మంచి మాట నాకు దొరకలేదు. ఒకే స్క్రూ మీద వేసే జంట నట్లలో జరిగేదీ ఇదే. మధ్యలో స్పేసర్ వేసి బిగిస్తే ఒక నట్టు పై పక్కకు, ఒకటి కింది పక్కకు ఆనుతుంది.

— కర్నూలు నుంచి. ఆనిక బాగుందండీ, గోడకు ఆనిక పెట్టినట్టే. మరి మెషిన్‌ను నడిపే కంట్రోలర్‌లో బ్యాక్‌లాష్‌కు ఇచ్చే కాంపెన్సేషన్?

— అది ఆనిక కాదండీ, లెక్క సర్దుబాటు. దిక్కు మారినప్పుడల్లా 0.04 ఎక్కువ తిప్పుతుంది, ఆట మాత్రం అట్లే ఉంటుంది. ఇక "ఆట" అనే రాస్తున్నాను. పక్కనే బ్యాక్‌లాష్ అనీ రాస్తా, రేపు పిల్లలకు తెర మీద కనబడేది ఆ మాటే.