అప్‌డేట్: నిమ్మతోట మినీ ట్రాక్టర్ సెల్ఫ్ సమస్య తీరింది, తప్పు ఎర్త్ పట్టీదే

తాళం తిప్పితే టక్‌మని ఒక్క శబ్దం వచ్చి ఆగిపోతోందని, హెడ్‌లైట్లు కూడా మసకబారుతున్నాయని పది రోజుల కింద అడిగాను కదా. బ్యాటరీ మైనస్‌ను ఇంజన్ బాడీకి కలిపే ఎర్త్ పట్టీదే తప్పని తేలింది, అది మార్చాక బండి ఇప్పుడు మొదటి తిప్పుకే అందుకుంటోంది. జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

జంపర్ కేబుల్‌తో బ్యాటరీ మైనస్‌ను నేరుగా ఇంజన్ బాడీకి కలిపి చూడమన్న అన్నయ్య సలహానే పనిచేసింది. గేరు న్యూట్రల్‌లో పెట్టి అలా కలపగానే స్టార్టయింది. మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చి మీటర్ పెట్టాడు. సెల్ఫ్ కొడుతుంటే బ్యాటరీ మైనస్‌కీ ఇంజన్ బాడీకీ మధ్య 4 వోల్టుల దాకా చూపించింది. అర వోల్టు కూడా దాటకూడదట.

ఎర్త్ పట్టీ పైకి బాగానే ఉంది, అందుకే నేను దాన్ని అనుమానించలేదు. బోల్టు విప్పితే కింద రంగు, తుప్పు. తొడుగు కోస్తే లోపలి రాగి తీగలు పచ్చగా పొడి రాలాయి. మందు పిచికారీ నీళ్లు ఏళ్ల తరబడి అక్కడే కారుతున్నాయి మరి. బాడీని గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, లావుపాటి కొత్త పట్టీ బిగించి, పైన వ్యాజిలిన్ పూశాం. ఇప్పుడు 0.2 వోల్టులే.

బ్యాటరీకి ఏ లోపమూ లేదు, ఊరికే ఉంటే 12.6 వోల్టులు, ఇంజన్ నడుస్తుంటే 14.1. క్లచ్ తొక్కితేనే స్టార్ట్ కానిచ్చే సేఫ్టీ స్విచ్, సెల్ఫ్ మోటారుకు కరెంటు వదిలే సోలినాయిడ్ కూడా బాగానే ఉన్నాయి. ఇదే ఇబ్బంది ఉన్నవాళ్లు దయచేసి కొత్త బ్యాటరీ కొనేముందు ఎర్త్ పట్టీ బోల్టు ఒకసారి విప్పి చూడండి.