బీఎస్-6 డీజిల్ బండికి డీపీఎఫ్ పీకించేస్తే తప్పేంటి?

టోర్క్_బాబు:
సూటిగా అడుగుతున్నా. రోజూ 8 కిలోమీటర్లు, అదీ అమీర్‌పేట ట్రాఫిక్‌లో తిరిగే డీజిల్ కారుకి డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) లైటు వెలగక మానదు. షెడ్డుల్లో లోపలి జల్లెడ కోసేసి, ఈసీయూ (ఇంజనుని నడిపే కంప్యూటర్) ప్రోగ్రామ్ మార్చి, అంటే రీమ్యాప్ చేసి పంపేస్తున్నారు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 ఉద్గార ప్రమాణాలతో పాటు దేశమంతా డీజిల్లో గంధకం 50 పీపీఎం (పది లక్షల్లో వంతులు) నుంచి 10కి దిగింది కదా. ఇంధనమే అంత శుభ్రమయ్యాక ఈ జల్లెడ దేనికి?

షెడ్డు_మాట:
తిరగేసి చూస్తున్నారండీ. గంధకం తగ్గించిందే ఆ జల్లెడ బతకడానికి. గంధకం ఎక్కువైతే ముందున్న క్యాటలిస్టు పూత చెడిపోతుంది, సల్ఫేటు పేరుకుంటుంది. మసి మాత్రం గంధకం వల్ల కాదు, సిలిండర్‌లో డీజిల్ సరిగా మండకపోవడం వల్ల పుడుతుంది. 10 పీపీఎం డీజిల్ పోసినా పుడుతుంది. బీఎస్-4 డీజిల్ కారుకి కిలోమీటరుకు 25 మిల్లీగ్రాముల మసి దాకా చెల్లేది, ఇప్పుడు 4.5. పైగా రేణువుల లెక్క కూడా ఉంది, కిలోమీటరుకు 60,000 కోట్లు దాటకూడదు. డీపీఎఫ్ లేకుండా డీజిల్ ఇంజనుకి ఆ లెక్క అందదు.

గోదారి_గట్టు:
లెక్కలు కాదనను. కానీ బాబు గారి గోడు కూడా వినండి. మసి కాలాలంటే జల్లెడ దగ్గర 600 డిగ్రీలు కావాలి. అలా కాల్చడాన్నే రీజెన్ అంటారు. అందుకు ఇంజను ఆలస్యంగా అదనపు డీజిల్ చిమ్ముతుంది. మధ్యలో సిగ్నల్ పడి, ఇల్లొచ్చి బండి ఆపేస్తే పని సగంలో ఆగుతుంది. కాలని డీజిల్ సిలిండర్ గోడల మీదుగా ఆయిల్లోకి జారుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పెరుగుతోందని సంబరపడేవాళ్లున్నారు, అది పలచబడ్డ ఆయిల్! 2016లో బీఎస్-5 మెట్టు వదిలేసి, బీఎస్-4 నుంచి నేరుగా బీఎస్-6కి వెళ్లాలని నిర్ణయించారు. రోడ్డు మీది ఉద్గారాలకు కచ్చితమైన పరిమితి వచ్చింది మాత్రం 2023 ఏప్రిల్లో. అంతకుముందే కొన్నవాళ్ల మాటేంటి?

షెడ్డు_మాట:
ఆ కోపంలో న్యాయముంది. అయినా కోసే ముందు చూడాల్సినవి చూడాలి కదా. లైటు వెలగ్గానే డీపీఎఫ్ నిండిందనుకోకండి. ప్రెషర్ సెన్సర్ గొట్టాలు పగిలినా, మూసుకుపోయినా తప్పుడు రీడింగే. థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోతే ఇంజను వేడెక్కదు, రీజెన్ మొదలే కాదు. ఇంజెక్టర్ కారుతుంటే, ఈజీఆర్ (పొగను కొంత తిరిగి ఇంజనులోకి పంపే వాల్వు) ఇరుక్కుంటే మసి రెట్టింపు. స్కానర్ పెట్టి మసి గ్రాములు, నీళ్ల వేడి చూడమనండి.

ఒక్క పసుపు లైటే అయితే ఓఆర్ఆర్ (హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కండి. ట్యాంకులో కనీసం పావు వంతు డీజిల్ ఉంచండి, చాలా బండ్లలో రిజర్వులో రీజెన్ జరగదు. ఒక గేరు తక్కువలో, 2000 పైన ఆర్పీఎం ఉంచి 20 నిమిషాలు ఆపకుండా నడపండి. ఐడిల్ కాస్త పెరిగి, ఫ్యాన్ గట్టిగా తిరుగుతుంటే రీజెన్ నడుస్తోందని అర్థం, అప్పుడు కీ తీయకండి. ఎండుగడ్డి మీద పార్క్ చేయకండి. ఇంజను లైటు కూడా తోడైతే లాగించకండి, వర్క్‌షాపులో ఫోర్స్‌డ్ రీజెనే (స్కానర్ పెట్టి బలవంతంగా చేయించేది). ఆయిల్ మ్యాక్స్ గీత దాటితే ముందు అది మార్చాలి. బూడిద తక్కువ వదిలే సీ2, సీ3 రకాల్లో మాన్యువల్ చెప్పిందే పోయించండి. మసి కాలుతుంది గానీ ఆయిల్ బూడిద కాలదు, విప్పి కడగాల్సిందే.

టోర్క్_బాబు:
అంత తతంగం! పీకించిన బండ్లు పొల్యూషన్ సర్టిఫికెట్‌లో పాస్ అవుతున్నాయిగా.

ఓఆర్ఆర్_చక్రం:
అవుతాయి. మన దగ్గర డీజిల్‌కి చూసేది పొగ చిక్కదనమే, రేణువుల సంఖ్య కాదు. నెదర్లాండ్స్‌లో 2023 జనవరి నుంచి ఐడిల్‌లో రేణువులు లెక్కపెడుతున్నారు, అక్కడ కోసిన జల్లెడ వెంటనే దొరికిపోతుంది. ఇక్కడ దొరకనంత మాత్రాన చట్టం లేదనుకోకండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం అలా మార్చకూడదు, 190(2) కింద రూ.10,000 వరకు జరిమానా, 3 నెలల వరకు జైలు. వారంటీ ఎలాగూ పోయినట్టే. సగం రీమ్యాప్ చేసి లేట్ ఇంజెక్షన్ ఆపడం మరిచారంటే, జల్లెడ లేకపోయినా ఆయిల్లోకి డీజిల్ దిగుతూనే ఉంటుంది.

గోదారి_గట్టు:
అంటే రోజుకి 8 కిలోమీటర్ల వాళ్లకి డీజిల్ అమ్మడమే తప్పు. పెట్రోలో సీఎన్‌జీయో చాలు. షోరూంలో ఆ ఒక్క ప్రశ్న అడగరు. ఇప్పటికే కొన్నవాళ్లు వారానికోసారి హైవే ఎక్కడం, ఆయిల్ గడువు సగానికి తగ్గించుకోవడం. నేనైతే కోయమని మాత్రం చెప్పను.

టోర్క్_బాబు:
సరే, ముందు ఆ సెన్సర్ గొట్టాలే చూపిస్తా. కానీ ఆ ఆయిల్ ఖర్చు కంపెనీయే ఇవ్వాలి, ఈ మాట మీద మాత్రం తగ్గను.