మేరీ క్యూరీ పుట్టింటి పేరు: స్క్లోడోవ్‌స్కా అరుదైన పేరా? దొరల ఇంటిపేరా?

వార్సా_చలి:
అందరికీ నమస్కారం. ఆరేళ్ళుగా వార్సాలో ఉంటున్నాను. పోయిన ఆదివారం మా పాపను ఫ్రేతా వీధి 16వ నంబరు ఇంటికి తీసుకెళ్ళాను. 1867 నవంబరు 7న మేరీ క్యూరీ పుట్టిన ఇల్లు అది, ఇప్పుడు మ్యూజియం. పాపకు స్కూల్లో ఒక పని ఇచ్చారు. ఎవరైనా ప్రముఖుల ఇంటిపేరు ఎక్కడినుంచి వచ్చిందో రాసుకురావాలి. మేం స్క్లోడోవ్‌స్కా తీసుకున్నాం.

నాకు తెలిసింది చెబుతాను. మజోవియా ప్రాంతంలో స్క్లోడీ అనే పేరున్న పల్లెలు నాలుగైదు పక్కపక్కనే ఉన్నాయి, వెనక వేరే తోకలతో. ఆ ఊరివాళ్ళు స్క్లోడోవ్‌స్కీలు. ఆడవాళ్ళకు స్క్లోడోవ్‌స్కా. దొవెంగా అనే వంశచిహ్నం ఉన్న కుటుంబం, అంటే ష్లాహ్తా, పాత పోలెండ్ కులీన వర్గం. పైగా పేరు చాలా అరుదు. మా ఆఫీసులో మూడు వందల మంది ఉన్నాం, నొవాక్‌లు నలుగురు, కొవాల్‌స్కీలు ముగ్గురు, స్క్లోడోవ్‌స్కీ ఒక్కరూ లేరు. పేరు స్కీతో ముగిస్తే దొరల ఇల్లు, అరుదైతే ఇంకా పాత ఇల్లు అని నా అభిప్రాయం. ఆవిడ అంత గొప్ప వంశంలో పుట్టిందని మన పుస్తకాల్లో ఎందుకు రాయరు?

గోదారి_గట్టు:
పేరు తప్పు రాశారు. పోలిష్‌లో అక్కడ ఉన్నది మామూలు ఎల్ కాదు, అడ్డగీత కొట్టిన ఎల్. దాన్ని వ లాగా పలుకుతారు. స్క్వొదొఫ్‌స్కా అనాలి.

లెక్కల_మాస్టారు:
బాబూ, మీ పాప చదువుకు మంచి పని ఇచ్చారు, సంతోషం. కానీ మీరు చెప్పిన రెండు మాటలూ తప్పే. విడివిడిగా చెబుతాను, ఓపిగ్గా చదవండి.

మొదటిది స్కీ. అది దొరతనం ముద్ర కాదు. ఫలానా దానికి చెందిన అని చెప్పే ప్రత్యయం, అంతే. వేమూరు నుంచి వచ్చినవాళ్ళు వేమూరివాళ్ళు అయినట్టు, నూజివీడు నూజివీటి అయినట్టు. మొదట్లో భూములున్నవాళ్ళు తమ ఊరిపేరుకు స్కీ తగిలించుకున్న మాట నిజమే. 15, 16 శతాబ్దాల్లో ఆ పేర్లు స్థిరపడ్డాయి. తర్వాత రైతులకు, పట్నాల్లో చేతిపనులవాళ్ళకు, యూదులకు కూడా స్కీలు వచ్చాయి. మీ ఆఫీసులో కొవాల్‌స్కీలు ముగ్గురన్నారు కదా, కొవాల్ అంటే కమ్మరి. కమ్మరి కొడుకు ఏ ఊరికి దొర? విష్నియెఫ్‌స్కీ అనే పేరు దేశమంతా ఉంది, చెర్రీ చెట్ల పేరు పెట్టుకున్న ఊళ్ళు అక్కడ బోలెడు కాబట్టి. వాళ్ళలో దొరలూ ఉన్నారు, వాళ్ళ పొలాల్లో పనిచేసినవాళ్ళూ ఉన్నారు.

రెండోది మీ ఆఫీసు లెక్క. పోలెండ్ జనాభా సుమారు 3.8 కోట్లు. అన్నిటికన్నా ఎక్కువమందికి ఉన్న పేరు నొవాక్, అదే సుమారు 2 లక్షల మంది. అంటే నూటికి అర మనిషి. ఒక పేరు 10,000 మందికి ఉందనుకోండి. 3,800 మందిలో ఒకరు. మీ ఆఫీసు లాంటివి పన్నెండు, పదమూడు వెతికితే సగటున ఒక్కరు దొరుకుతారు. పదివేలమందికి ఉన్న పేరు కూడా మీ కంటికి కనబడదు. మూడు వందల మందిని చూసి అరుదు అనడానికి లేదు.

వార్సా_చలి:
మాస్టారూ, నేను ఊహించి రాయలేదు. దొవెంగా చిహ్నం సంగతి ఏమంటారు? కమ్మరి కొడుక్కి చిహ్నం ఇవ్వరు కదా. స్కీలంతా దొరలు అన్న మాట వెనక్కి తీసుకుంటాను, కానీ ఈ కుటుంబం మాత్రం నిజంగా ష్లాహ్తానే. ఆవిడ తాతగారు యూజెఫ్ లుబ్లిన్‌లో పెద్ద స్కూలుకు అధిపతి. తండ్రి వ్వాదిస్వాఫ్ గణితం, భౌతికశాస్త్రం చెప్పిన ఉపాధ్యాయుడు. తల్లి ఆడపిల్లల బడి నడిపింది. గొప్పింటి లక్షణం కాదా?

గోదారి_గట్టు:
వ్వాదిస్వాఫ్ సరిగ్గానే రాశారు, మరి స్క్లోడోవ్‌స్కా దగ్గర ల ఎందుకు ఉంచారు? రెండిట్లోనూ అదే అక్షరం.

లెక్కల_మాస్టారు:
మీరు చెప్పినవన్నీ చదువుకున్న ఇంటి లక్షణాలు, గొప్పింటి లక్షణాలు కావు. ఆ తేడా పట్టుకోండి.

పోలెండ్‌లో ఒక్కొక్క వంశచిహ్నాన్ని ఎన్నో కుటుంబాలు పంచుకునేవి, వాటిలో ఒకదానితో ఒకదానికి రక్తసంబంధం లేనివీ ఉండేవి. దొవెంగా ఉందంటే రాజమహల్ ఉందని కాదు. జనాభాలో ఎనిమిది నుంచి పది శాతం దాకా ష్లాహ్తా ఉన్న దేశం అది. మజోవియాలో ఊరికి ఊరే ష్లాహ్తా ఉన్న పల్లెలు ఉండేవి. చేతిలో పత్రం ఉంటుంది, అరక మాత్రం తనే దున్నుకోవాలి. స్క్లోడీ పల్లెలు అలాంటివే.

ఇక ఆవిడ జీవితమే చూడండి. రష్యన్ పాలనలో తండ్రి స్కూల్లో పదవి పోగొట్టుకుని ఇంట్లో పిల్లల్ని భోజనం, వసతితో పెట్టుకుని చదువు చెప్పాడు. 1878లో తల్లి క్షయతో పోయింది. 1886లో ఆవిడ ష్చూకి అనే పల్లెలో జొరాఫ్‌స్కీల ఇంట్లో పిల్లలకు పాఠాలు చెప్పడానికి చేరింది. ఆ ఇంటి పెద్దకొడుకు కజిమెష్ ఆవిడను పెళ్ళి చేసుకుంటానన్నాడు. తల్లిదండ్రులు ఒప్పుకోలేదు, డబ్బులేని టీచరమ్మ కోడలుగా వద్దన్నారు. ఇటు స్కా, అటు స్కీ. ఏం ఉపకారం చేసింది ఆ పేరు? మీరేమో ఆ పేరే గొప్పదంటున్నారు.

1921 రాజ్యాంగం 96వ అధికరణంలో పోలెండే ఈ వంశ హోదాలను, చిహ్నాలను గుర్తించబోమని రాసుకుంది. వందేళ్ళ క్రితం వాళ్ళు వదిలేసిన దాన్ని మనం ఎందుకు మోయాలి?

పాత_పుస్తకం:
జొరాఫ్‌స్కీ తర్వాత పేరున్న గణితవేత్త అయ్యాడు. మాస్టారు చెప్పింది నిజం.

వార్సా_చలి:
మీరు కోపంగా ఎందుకు మాట్లాడుతున్నారో నాకు అర్థం కావడం లేదు. నేను ఎవర్నీ తక్కువ చేయలేదు. అరుదు అన్న మాటకైనా ఒప్పుకోండి. మీ లెక్క ప్రకారమే నొవాక్‌తో పోలిస్తే ఇది ఎక్కడో కింద ఉంటుంది.

లెక్కల_మాస్టారు:
అత్యంత సాధారణమైన పేరే నూటికి అర ఉన్న దేశంలో దాదాపు ప్రతి పేరూ అరుదే. అప్పుడు ఆ మాటకు విలువ లేదు. ఇంకో సంగతి. అక్కడి పెసెల్ అనే జనాభా రిజిస్టర్ నుంచి ఇచ్చే పేర్ల పట్టికల్లో మగవాళ్ళ పేర్లు వేరు, ఆడవాళ్ళ పేర్లు వేరు. స్కీ ఒక చోట, స్కా ఒక చోట. చాలామంది ఒకటే చూసి సగం లెక్క చెబుతారు. మీరు అలా చూడలేదని చెప్పగలరా?

అయినా ఈ గొడవంతా అనవసరం. లోకానికి ఆవిడ క్యూరీ. పుట్టింటి పేరు తగిలించడం ఈమధ్య ఒక ఫ్యాషన్ అయింది. నలభై ఏళ్ళు పాఠం చెప్పాను, పిల్లలకు ఆ పేరు నోరు తిరగదు. భర్త పేరుతో పేరు తెచ్చుకున్న మనిషికి ఇంకో తోక ఎందుకు?

ల్యాబ్_నోట్‌బుక్:
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను. మాస్టారూ, ఆ ఆఖరి మాట వెనక్కి తీసుకోండి.

భర్త పేరుతో పేరు తెచ్చుకుందా? 1898 ఏప్రిల్‌లో యురేనియం, థోరియం కిరణాల మీద ఫ్రెంచ్ సైన్స్ అకాడమీ ముందుకు వెళ్ళిన వ్యాసం ఆవిడ ఒక్కర్తిది. అందులో పేరు మదాం స్క్లొదోవ్‌స్కా క్యూరీ. 1903లో అచ్చయిన డాక్టరేట్ సిద్ధాంతగ్రంథం మీదా అదే పేరు. పెళ్ళి 1895లో అయింది. అంటే పెళ్ళయ్యాక కూడా ఆవిడ తన పేరు తానే ముందు పెట్టుకుంది. ఫ్యాషన్ కాదు, 1898 నాటి సంగతి.

నా సంగతి చెబుతాను, ఎందుకు మండిందో అప్పుడు తెలుస్తుంది. పెళ్ళికి ముందు నావి మూడు పరిశోధన వ్యాసాలు పుట్టింటి పేరుతో వచ్చాయి. పెళ్ళయ్యాక వీసాకు తేలిక అని అత్తింటివాళ్ళు పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్పించారు. యూరప్‌లో ఒక ల్యాబ్‌లో సీటు వచ్చింది. అక్కడి ఆఫీసు ఆ మూడు వ్యాసాలూ నావే అంటే నమ్మలేదు. నోటరీ అఫిడవిట్, పెళ్ళి సర్టిఫికెట్ అనువాదం, పాత పాస్‌పోర్టు కాపీ, మళ్ళీ ఇంకో స్టాంపు. నాలుగు నెలలు టెన్షన్‌తో నిద్రపోలేదు. ఒకరోజు ఫోన్‌లో ఏడుస్తుంటే మా మామగారు అన్నమాట ఏమిటో తెలుసా? "మేడమ్ క్యూరీ అంతటిదే మొగుడి పేరు పెట్టుకుంది, నీకేం వచ్చిందమ్మా?" అని. మా పుస్తకాల్లో ఆవిడ పూర్తి పేరు ఉండి ఉంటే ఆయన ఆ మాట అనేవారు కాదు.

గోదారి_గట్టు:
అమ్మా, మీ బాధ అర్థమైంది. కానీ మీరు కూడా ల తోనే రాశారు.

ల్యాబ్_నోట్‌బుక్:
ఫ్రెంచ్ పత్రికలో అడ్డగీత లేకుండానే అచ్చు వేశారు, అందుకే అలా రాశాను. అన్నా, ఇప్పుడు దాని గురించి వద్దు.

లెక్కల_మాస్టారు:
అమ్మా, మీ విషయంలో అన్యాయం జరిగింది. భర్త పేరుతో అన్న మాట నేను అనకుండా ఉండాల్సింది, వెనక్కి తీసుకుంటున్నాను. 1898 వ్యాసం మీద పేరు సంగతి నాకు కొత్త.

కానీ నా కోపం ఎక్కడిదో కూడా వినండి. 1981లో ఒంగోలులో కొత్తగా ఉద్యోగంలో చేరి అద్దె గది కోసం తిరిగాను. ఒక ఇంట్లో మంచం వేసి కూర్చోబెట్టారు, మజ్జిగ ఇచ్చారు, అద్దె ఎంతో మాట్లాడుకున్నాం. అప్పుడు ఇంటాయన, "మీ ఇంటిపేరు ఏమిటి మాస్టారూ?" అన్నాడు. చెప్పాను. మావాళ్ళది ఊరిపేరు, ఆ పేరు నాలుగు కులాల్లో ఉంది. ఆయన "ఏ వేపువాళ్ళు?" అని ఇంకో ప్రశ్న వేశాడు. దానికీ చెప్పాను. గది ఖాళీ లేదన్నాడు. గ్లాసులో మజ్జిగ సగం అలాగే ఉంది. అప్పటినుంచి ఇంటిపేరు చూసి మనిషి ఎంతవాడో చెప్పడం ఎక్కడ కనబడ్డా నేను ఊరుకోలేను. స్కీ అయితే ఏమిటి, ఇంకోటి అయితే ఏమిటి? వార్సా బాబు మొదట రాసిన మాట చదవగానే నాకు ఆ వరండా గుర్తొచ్చింది.

వార్సా_చలి:
మాస్టారూ, క్షమించండి. గొప్ప వంశం అని రాసేటప్పుడు నేను అంత దూరం ఆలోచించలేదు. నా మనసులో ఉన్నది చెబుతాను. ఇక్కడ మా పాప పేరు ఎవరికీ పలకడం రాదు. క్లాసులో హాజరు పిలిచేటప్పుడు టీచర్ మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతుంది, పాప తనే లేచి చెబుతుంది. పారిస్‌లో కూడా ఒక పోలిష్ అమ్మాయి పేరు ఎవరికీ నోరు తిరగలేదు, అయినా ఆవిడ వదల్లేదు అని పాపకు చెప్పాలనుకున్నాను. దానికి దొవెంగా అక్కర్లేదని ఇప్పుడు తోస్తోంది. కానీ అరుదైన పేరు అంటే పాప కళ్ళు మెరిశాయి, ఆ మాట తీసేయాలంటే మనసు రావడం లేదు.

పాత_పుస్తకం:
దేశం సంగతి మరిచిపోతున్నారు. 1795 నుంచి 1918 దాకా మ్యాపులో పోలెండ్ లేదు. ఆవిడ 1898లో కొత్త మూలకానికి పొలోనియం అని పేరు పెట్టింది ఆ లేని దేశం కోసమే. అక్కడ ఆవిడ పుట్టింటి పేరుకు అంత విలువ దానివల్లే. 1989లో పోలెండ్ 20,000 జ్లోటీల నోటు మీద ఆవిడ బొమ్మ వేసింది, రెండు పేర్లతో. ఫ్రాన్స్ 500 ఫ్రాంకుల నోటు మీద మాత్రం పియర్, మేరీ క్యూరీలు.

ల్యాబ్_నోట్‌బుక్:
అవును. యూరోపియన్ యూనియన్ ఫెలోషిప్ కూడా ముందు మేరీ క్యూరీ పేరుతోనే ఉండేది. 2014లో మేరీ స్క్వొదొఫ్‌స్కా క్యూరీ అని మార్చారు. హైదరాబాద్ నుంచి ఆ ఫెలోషిప్ మీద వచ్చినవాళ్ళు నా ల్యాబ్‌లోనే ఇద్దరున్నారు. ఇద్దరూ ఇంటికి ఫోన్ చేసి మేరీ క్యూరీ ఫెలోషిప్ అనే చెబుతారు.

మాస్టారూ, మీకోసం ఇంకొకటి. 1898 జులైలో పొలోనియం గురించి భార్యాభర్తలిద్దరూ కలిసి రాసిన వ్యాసం మీద పేర్లు ఎలా ఉన్నాయంటే, మస్యూ పి. క్యూరీ, మదాం ఎస్. క్యూరీ. ఆవిడ పేరు మరియా. ఎం ఉండాల్సిన చోట ఎస్ ఉంది. అది పుట్టింటి పేరులో మొదటి అక్షరం. పేరు మొత్తం పట్టనిచోట కూడా ఆ ఒక్క అక్షరం ఉంచుకుంది.

లెక్కల_మాస్టారు:
ఆ ఎస్ నేను ఎన్నోసార్లు చూసి ఉంటాను, దేనికో ఎప్పుడూ ఆలోచించలేదు. రేపటినుంచి ట్యూషన్ పిల్లలకు రెండు పేర్లూ రాయిస్తాను, నోరు తిరిగినా తిరక్కపోయినా. దొరల పేరు అన్న మాటకు మాత్రం ఎప్పటికీ ఒప్పుకోను. అరుదు మాటకూ ఒప్పుకోను. వార్సా బాబూ, పాపకు అరుదు అని చెప్పాలంటే రెండు పట్టికలూ కూడి, ఆ అంకె వేసి చెప్పండి.

వార్సా_చలి:
కూడి రాయిస్తాను మాస్టారూ. ఒక చిన్న సందేహం మిగిలింది. ఫ్రేతా వీధి మ్యూజియం పేరులో స్క్వొదొఫ్‌స్కా ముందు, క్యూరీ తర్వాత ఉంది. 1944లో లుబ్లిన్‌లో పెట్టిన యూనివర్సిటీ పేరులో క్యూరీ ముందు, స్క్వొదొఫ్‌స్కా తర్వాత. పోలెండ్‌వాళ్ళే రెండు రకాలుగా రాస్తున్నారు. పాప ఏది రాయాలి?

ల్యాబ్_నోట్‌బుక్:
1898 ఏప్రిల్‌లో ఆవిడ పెట్టుకున్న వరసలోనే రాయించండి.

గోదారి_గట్టు:
అడ్డగీత మాత్రం మర్చిపోకండి.