ఎక్సెల్‌లో వేసిన ఉపగ్రహ కక్ష్య మూసుకోవడం లేదు, తప్పు ఎక్కడ?

కర్నూలులో బీఎస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. సెమినార్ కోసం 400 కి.మీ. ఎత్తులో తిరిగే ఉపగ్రహం కక్ష్యను ఎక్సెల్‌లో గీస్తున్నాను. భూకేంద్రం నుంచి దూరం 6778 కి.మీ., వేగం సెకనుకు 7.67 కి.మీ., జీఎం (గురుత్వ స్థిరాంకం, భూమి ద్రవ్యరాశుల లబ్ధం) విలువ 3,98,600 (కి.మీ., సెకన్లలో). ఒక్కో వరుసకు 10 సెకన్లు.

లెక్క ప్రకారం సుమారు 92.6 నిమిషాల్లో ఒక చుట్టు పూర్తవ్వాలి. కొండారెడ్డి బురుజు చుట్టూ తిరిగొచ్చినట్టు మొదలైన చోటికే రావాలి కదా! నా ఉపగ్రహం మాత్రం ఆ సమయానికి భూమికి ఇంకో 800 కి.మీ.కి పైగా దూరం జరిగి, చక్రపు బాణసంచాలా బయటికి విప్పుకుంటూ పోతోంది.

యూనిట్లు రెండుసార్లు సరిచూశాను. త్వరణం గుర్తు మైనస్‌లోనే ఉంది. వేగం కొంచెం తగ్గించి చూస్తే కక్ష్య దీర్ఘవృత్తంలా వచ్చింది గానీ అదీ మూసుకోలేదు. వరుసల మధ్య విరామం 1 సెకను చేస్తే తేడా సుమారు 95 కి.మీ.కి దిగింది, కానీ షీటు 5,500 వరుసలు దాటి ల్యాప్‌టాప్ మొరాయిస్తోంది.

అనుమానం ఒక్కచోటే ఉంది. ప్రతి వరుసలో కొత్త స్థానాన్నీ, కొత్త వేగాన్నీ రెండింటినీ పై వరుసలోని పాత విలువలతోనే లెక్కిస్తున్నాను. ముందు వేగాన్ని మార్చి, స్థానానికి ఆ కొత్త వేగాన్నే వాడితే 10 సెకన్ల విరామంతోనే కక్ష్య మూసుకుంటుందా?